మెదడు రసాయనాల లెక్కతో నిద్రను దారిలో పెట్టుకోవడం ఎలా?

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు అన్న సామెతలో నిద్ర శాస్త్రం సగం ఇమిడి ఉంది. పగలంతా బస్తాలు మోసిన హమాలీ అవే బస్తాల మీద ఒరిగిన మరుక్షణంలో గాఢనిద్రలోకి జారుకుంటాడు. మెత్తని పరుపు మీద పడుకున్న మరొకరు రాత్రి రెండింటి దాకా తిరుగుతున్న ఫ్యానును చూస్తూ ఉండిపోతారు. మెలకువగా ఉన్నంతసేపూ పోగుపడిన ఒక రసాయనం మొదటి వ్యక్తిని నిద్రలోకి తోసేస్తోంది. రెండో వ్యక్తి మెదడులో ఆ రసాయనం చాలినంత చేరి ఉండకపోవచ్చు, చేరినా దాని పని సాగకుండా మరొకటి అడ్డుపడుతూ ఉండవచ్చు, లేదా లోపలి గడియారం ఇంకా సాయంత్రమే అని లెక్కవేస్తూ ఉండవచ్చు. ఈ మూడింటిలో తన సమస్య ఏదో తేల్చుకోకుండా వేడిపాలు తాగినా, ఫోనులో వాన చప్పుడు పెట్టుకొన్నా, పక్కింటివారు ఇచ్చిన మాత్ర మింగినా చీకట్లో రాయి వేసినట్టే. అందువల్ల ఇక్కడ ప్రతి చోటా మెదడులో జరిగేది ముందు చెప్పి, దాన్ని మన చేతిలోకి తెచ్చుకొనే పద్ధతిని ఆ వెంటనే చెబుతాను. రాత్రి షిఫ్టులవారి సంగతి చివరి వైపు విడిగా, కొంత విస్తారంగా ఉంటుంది.

నిద్ర అప్పు: అడెనోసిన్ లెక్క

నిద్రపోనివ్వకుండా ఉంచిన కుక్కల మెదడు నుంచి తీసిన పదార్థాన్ని మామూలు కుక్కలకు ఎక్కిస్తే అవి నిద్రలోకి జారుకొంటాయని జపాన్‌లో కునియోమి ఇషిమోరి 1909లో చూపాడు. కొద్ది సంవత్సరాల తరువాత ఫ్రాన్స్‌లో ఆన్రి పియెరాన్ కూడా అదే నిర్ణయానికి వచ్చాడు. మెలకువ కాలంలో మెదడులో ఏదో పేరుకొంటుందన్న ఊహకు ఆనాడే ఆధారం దొరికింది. ఆ పేరుకొనే పదార్థాలలో ఇప్పుడు మనకు బాగా తెలిసినది అడెనోసిన్. కణాలు శక్తి కోసం ఏటీపీ అనే అణువును ఖర్చు చేస్తాయి. ఆ ఖర్చు తరువాత మిగిలేదే ఇది. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ దీని మోతాదు పెరుగుతుంది, పెరిగినకొద్దీ మెలకువను నడిపే నాడీకణాల జోరు తగ్గుతుంది, నిద్రపోయినప్పుడు మళ్లీ తరిగిపోతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన రెండు ప్రక్రియల నమూనాలో ఒకటి ఇలా పెరుగుతూపోయే నిద్ర ఒత్తిడి, రెండోది శరీరంలోని గడియారం. వైద్యులు నిద్ర సమస్యలను నేటికీ చాలావరకు ఈ నమూనాతోనే అర్థం చేసుకొంటారు.

కాబట్టి మొదటి పని ఒక నోటుపుస్తకం తెరవడం. రెండు వారాలపాటు ప్రతి ఉదయం ఐదు సంగతులు రాయండి: పడక ఎక్కిన సమయం, దాదాపుగా నిద్ర పట్టిన సమయం, చివరిగా లేచిన సమయం, పగటి కునుకులు, టీ కాఫీలు తాగిన వేళలు. నిమిషాల కచ్చితత్వం అవసరం లేదు. గడియారం చూసి రాయాలన్న పట్టుదలే కొందరికి నిద్ర చెడగొడుతుంది. ఈ లెక్క చేతికి వచ్చాక చాలామంది ఆశ్చర్యపోయే విషయం ఒకటి బయటపడుతుంది: పడక మీద గడిపిన సమయం తొమ్మిది గంటలు ఉంటుంది, నిజంగా నిద్రపోయినది ఆరు గంటలే ఉంటుంది. నిద్ర తక్కువైనవారు సాధారణంగా చేసే పని త్వరగా పడుకోవడం, ఆలస్యంగా లేవడం, మధ్యాహ్నం ఇంకొంత పడుకోవడం. ఈ మూడూ మెలకువ గంటలను తగ్గిస్తాయి గనుక రాత్రికి చేరాల్సిన అడెనోసిన్ చేరదు, ఆ రాత్రి కూడా నిద్ర పలచబడుతుంది.

దీనికి విరుగుడు వినడానికి కఠినంగా ఉంటుంది గాని బాగా పనిచేస్తుంది. రెండు వారాల సగటు నిద్ర ఆరు గంటలైతే పడక మీద ఉండే సమయాన్ని కూడా ఆరు గంటలకే కుదించాలి. ఉదయం ఐదున్నరకు లేవాలనుకొంటే రాత్రి పదకొండున్నర వరకు పడక ఎక్కకూడదు. మొదటి వారం పగలు మత్తుగా, చిరాకుగా ఉంటుంది. ఆ మత్తే మనకు కావలసిన ఒత్తిడి. పడక సమయంలో 85 శాతం నిద్రగా మారిన తరువాత వారానికి పదిహేను ఇరవై నిమిషాల చొప్పున ముందుగా పడుకొంటూ రావచ్చు. ఎంత తక్కువ నిద్రపోతున్నా పడక సమయాన్ని ఐదు గంటలకంటే తగ్గించవద్దు. మూర్ఛ వ్యాధి గలవారు, బైపోలార్ సమస్య గలవారు, లారీలు, బస్సులు, యంత్రాలు నడిపేవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతిని మొదలుపెట్టకూడదు. నిద్ర తగ్గడం వారికి నేరుగా ప్రమాదం.

మధ్యాహ్నపు కునుకును పూర్తిగా నిషేధించాలని నేను అనను. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకొని, మధ్యాహ్నం మూడింటిలోపు ముగించగలిగితే రాత్రి నిద్రకు పెద్దగా నష్టం ఉండదు. భోజనం చేసి పడుకొని సాయంత్రం ఐదింటికి లేచే అలవాటు ఉన్నవారు మాత్రం రాత్రికోసం దాచిన అప్పును మధ్యాహ్నమే తీర్చేస్తున్నారని గుర్తించాలి.

టీ, కాఫీల దగ్గర అసలు మెలిక

కాఫీ శక్తినిస్తుందని అంటాం గాని అది ఇచ్చే శక్తి ఏమీ లేదు. కెఫీన్ అణువు ఆకారంలో అడెనోసిన్‌ను పోలి ఉంటుంది కాబట్టి మెదడు కణాల మీద అడెనోసిన్ కూర్చోవలసిన గ్రాహకాలలో తాను వెళ్లి కూర్చొంటుంది. కూర్చొని ఏ పనీ చేయదు, అసలుదానిని మాత్రం రానివ్వదు. రైలులో మన సీటులో తువ్వాలు వేసి వెళ్లిపోయినవాడి పని అది. ఈలోగా అడెనోసిన్ పేరుకొంటూనే ఉంటుంది, కెఫీన్ దిగిపోగానే ఒక్కసారిగా నిద్ర ముంచుకొస్తుంది.

మన రక్తంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు నుంచి ఆరు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగిన గట్టి ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి పది పదకొండు గంటలప్పుడు కూడా మెదడులో పనిచేస్తూ ఉంటుందని దీని అర్థం. పొగతాగేవారి కాలేయం దీనిని త్వరగా వదిలించుకొంటుంది. గర్భిణులలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇది చాలా నెమ్మదిగా దిగుతుంది. అమెరికాలో క్రిస్టఫర్ డ్రేక్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో నిద్రకు ఆరు గంటల ముందు తీసుకొన్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా రాత్రి నిద్రను గంటకు పైగా తగ్గించింది. అది నాలుగైదు కప్పుల కాఫీకి సమానమైన మోతాదు, మనం ఒక్కసారిగా అంత తాగం. కాని ఆఫీసులో మూడింటికి ఒక టీ, నాలుగున్నరకు ఇంకొకటి, ఇంటికి రాగానే కాఫీ అనే వరస పెట్టుకొన్నవారి మొత్తం కూడా తక్కువేమీ కాదు. అన్నిటికన్నా మోసపుచ్చేది "నేను కాఫీ తాగినా హాయిగా నిద్రపోతాను" అనే ధీమా. నిద్ర పట్టడం ఆలస్యం కాకపోయినా గాఢనిద్ర వాటా తగ్గుతుంది, అది నిద్రపోతున్న మనిషికి తెలియదు.

పడుకొనే వేళకు ఎనిమిది గంటల ముందే చివరి కప్పు ముగించడం ఆచరణయోగ్యమైన నియమం. రోజుకు ఐదారు కప్పులు తాగేవారు ఒక్కరోజులో మానేస్తే తలనొప్పి, నీరసం తప్పవు, ఎందుకంటే దీర్ఘకాలం అడ్డుపడినందుకు మెదడు అదనపు గ్రాహకాలను తయారుచేసుకొని ఉంటుంది. సాయంత్రపు కప్పుతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజులకు ఒకటి చొప్పున తగ్గిస్తూ వస్తే ఇబ్బంది ఉండదు.

గడియారం, వెలుతురు, మెలటోనిన్

రెండో ప్రక్రియ గడియారానిది. కళ్ల నుంచి వచ్చే నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో సుమారు 20,000 నాడీకణాల చిన్న గుత్తి ఉంది. 1972లో ఎలుకలలో ఈ గుత్తిని తొలగించి చూసినప్పుడు వాటి దినచర్య లయ తప్పిపోయింది. మనుషులలో ఈ గడియారం సొంతంగా నడిస్తే సగటున 24 గంటలకన్నా పది పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకొంటుంది. రోజూ దానిని కొంచెం ముందుకు జరిపి సూర్యునితో కలపాలి. ఆ పనిచేసేది ఉదయపు వెలుతురు. కంటిపాపలోంచి వెళ్లిన కాంతి రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణద్రవ్యం ఉన్న ప్రత్యేక కణాలను తాకుతుంది. అవి బొమ్మను చూడటానికి కాక కాలాన్ని చెప్పడానికి ఉన్న కణాలు, నీలి రంగు కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి.

ఇక్కడ మన కన్ను మనల్ని మోసగిస్తుంది. ట్యూబులైటు వేసిన గది ప్రకాశవంతంగా ఉన్నట్టే అనిపిస్తుంది గాని అక్కడి వెలుతురు సాధారణంగా రెండు మూడు వందల లక్సులు మాత్రమే. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది, ఎండ కాస్తే లక్షకు చేరువవుతుంది. కాబట్టి లేచిన గంటలోపు డాబా మీదనో, వీధి అరుగు మీదనో, పార్కులోనో ఇరవై ముప్పై నిమిషాలు గడపండి. సూర్యుని వైపు చూడనక్కరలేదు, చూడకూడదు కూడా. కాఫీ కప్పు, వార్తాపత్రిక తీసుకొని బాల్కనీలో కూర్చొన్నా పని జరుగుతుంది. నిద్ర సమస్యతో వచ్చినవారికి ఒకే ఒక్క సలహా ఇవ్వమంటే నేను ఇదే ఇస్తాను: సెలవురోజైనా పండుగైనా లేచే వేళ మారకూడదు, లేచిన వెంటనే వెలుతురులోకి రావాలి. పడుకొనే వేళను మనం శాసించలేం, లేచే వేళను శాసించగలం.

సాయంత్రం ఇదే వెలుతురు శత్రువు. చీకటి పడగానే ఆ గడియారపు గుత్తి వెన్నుపాము మీదుగా, మెడలోని ఒక నాడీముడి మీదుగా చుట్టుదారి పట్టి పీనియల్ గ్రంథికి సందేశం పంపుతుంది. ఆ గ్రంథి సెరటోనిన్ నుంచి మెలటోనిన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దీనిని మొదటిసారి వేరుచేసిన ఆరన్ లెర్నర్ చర్మవ్యాధుల వైద్యుడు కావడం ఒక చిత్రం. ఆయన వెదికినది చర్మపు రంగుకు మందు. మన అలవాటైన నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందు మెలటోనిన్ పెరగడం మొదలవుతుంది. అది మత్తుమందు కాదు, రాత్రి అయిందని శరీరమంతటికీ తెలియజేసే దండోరా వంటిది. తెల్లని ఎల్ఈడీ దీపాల కింద కూర్చొంటే దండోరా వేసేవాడు బయలుదేరడు. రాత్రి భోజనం తరువాత పెద్ద దీపాలు ఆర్పి పసుపు రంగు చిన్న దీపం ఉంచుకోవడం, ఫోను వెలుతురు తగ్గించి కంటికి దూరంగా పట్టుకోవడం చాలు. ఫోను గురించి ఒక మాట: దాని తెర వెలుతురు చేసే చెరుపుకన్నా, అందులోని గొడవలు మనసును లేపి కూర్చోబెట్టడం ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

మెలటోనిన్ మాత్రలను నిద్రమాత్రలుగా భావించి పడుకొనేముందు పెద్ద మోతాదులో మింగేవారు నిరాశపడటానికి కారణం కూడా ఇదే. విమాన ప్రయాణం వల్ల, లేదా మరీ ఆలస్యంగా నిద్రపట్టే తత్వం వల్ల గడియారం వెనకబడినవారికి చిన్న మోతాదు, నిద్రవేళకు కొన్ని గంటల ముందు, సాయంత్రం తీసుకొంటే గడియారం ముందుకు జరుగుతుంది. మోతాదుకన్నా వేళ ముఖ్యం. గర్భిణులు, మూర్ఛకు గాని రక్తం పలచబడటానికి గాని మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వీటి జోలికి వెళ్లరాదు.

గడియారం శరీర ఉష్ణోగ్రతను కూడా నడుపుతుంది. రాత్రయ్యేసరికి అరచేతులు, అరికాళ్లలో రక్తనాళాలు వ్యాకోచించి లోపలి వేడిని బయటకు వదులుతాయి, లోపలి ఉష్ణోగ్రత తగ్గితేనే నిద్ర సులువుగా వస్తుంది. పడుకోవడానికి గంట గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే చర్మానికి రక్తం వచ్చి ఆ తరువాత శరీరం త్వరగా చల్లబడుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల రాత్రులలో ఈ వేడి బయటకు పోయే దారే ఉండదు. డాబా మీద నీళ్లు చల్లి పక్కలు పరచుకొనే పాత అలవాటుకు శరీరధర్మశాస్త్రం పూర్తిగా మద్దతిస్తుంది.

మెలకువను నిలబెట్టే రసాయనాలు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనామో అనే వైద్యుడు ఒక వింత మెదడువాపు వ్యాధిని పరిశీలించాడు. దాని బారినపడినవారిలో ఎక్కువమంది వారాల తరబడి నిద్రలో మునిగిపోయారు, కొందరు అసలు నిద్రే పట్టక బాధపడ్డారు. చనిపోయినవారి మెదళ్లను కోసి చూస్తే మొదటి రకంవారికి హైపోథాలమస్ వెనకభాగంలో, రెండో రకంవారికి ముందుభాగంలో దెబ్బ కనిపించింది. నిద్రకొక చోటు, మెలకువకొక చోటు ఉన్నాయన్న ఆయన ఊహ తరువాతి పరిశోధనలలో నిజమని తేలింది. ముందుభాగంలోని కణాలు గాబా, గెలానిన్ అనే రసాయనాలతో మెలకువ కేంద్రాలను అణచివేస్తాయి; వెనకభాగం నుంచి హిస్టమిన్, మెదడు కాండం నుంచి నార్‌అడ్రినలిన్, సెరటోనిన్, అసిటైల్‌కోలిన్ వెలువడి మెదడును మేల్కొలుపుతాయి, నిద్ర కేంద్రాన్ని అణచివేస్తాయి. ఒకటి లేస్తే మరొకటి పడుతుంది. ఇంట్లో గోడకున్న స్విచ్చు మాదిరిగా మధ్యలో నిలవదు.

ఈ స్విచ్చు ఊరికే అటూ ఇటూ పడిపోకుండా మెలకువ వైపు అదిమిపట్టేది ఒరెక్సిన్ అనే రసాయనం. 1998లో రెండు బృందాలు వేర్వేరుగా దీనిని కనుగొని రెండు పేర్లు పెట్టాయి. రెండో పేరు హైపోక్రెటిన్. దీనిని తయారుచేసే కణాలు నశించినవారికి నార్కోలెప్సీ వస్తుందని 2000 సంవత్సరానికల్లా తేలింది: మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి పడిపోవడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోవడం దాని గుర్తులు. ఆకలిగా ఉన్నప్పుడు ఒరెక్సిన్ కణాలు చురుకవుతాయి, రక్తంలో చక్కెర పెరిగితే నెమ్మదిస్తాయి. శివరాత్రినాడు ఉపవాసాన్నీ జాగారాన్నీ జోడించిన పెద్దలకు ఈ కణాల సంగతి తెలియదు, ఆ ఆచారానికి కారణం ఇదేనని నేను చెప్పబోవడం లేదు. కాని కడుపునిండా తిని జాగారం చేయడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. బరువు తగ్గడానికని రాత్రి భోజనం పూర్తిగా మానేసి నిద్రపట్టలేదని బాధపడేవారు ఈ సంగతి గుర్తుంచుకొని రెండు మూడు గంటల ముందే తేలికగా తినడం మంచిది.

దిగులు, భయం, కోపం నార్‌అడ్రినలిన్‌ను పెంచి స్విచ్చును మెలకువ వైపే ఉంచుతాయి. ఇక్కడే నిద్ర పట్టనివారు రెండో పొరపాటు చేస్తారు: పడుకొని ప్రయత్నిస్తారు. ప్రయత్నమంటేనే జాగ్రత్త, జాగ్రత్త అంటేనే నార్‌అడ్రినలిన్. కొన్ని వారాలకు పడకను చూస్తేనే మెదడు మేలుకొనడం నేర్చుకొంటుంది. సోఫాలో టీవీ ముందు కునికిపాట్లు పడిన మనిషికి పడకగదిలోకి రాగానే మత్తు వదిలిపోవడం దీని గుర్తు. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో సూచించిన పద్ధతి ఈ ముడిని విప్పుతుంది. నిద్ర నిజంగా ముంచుకొచ్చినప్పుడే పడక ఎక్కాలి. ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లి మసక వెలుతురులో ఆసక్తి లేని పని ఏదైనా చేయాలి. బట్టలు మడతపెట్టడం, బియ్యంలో రాళ్లేరడం దీనికి భేషైనవి. మళ్లీ మత్తు వస్తేనే పడక దగ్గరకు రావాలి. గడియారాన్ని గోడవైపు తిప్పేయాలి. రేపటి పనుల చిట్టా రాత్రి భోజనానికి ముందే కాగితం మీద రాసిపెట్టడం వల్ల పడుకొన్నాక అవి ఒక్కొక్కటిగా గుర్తుకురావడం తగ్గుతుంది. పడక సమయాన్ని కుదించడం, బూట్జిన్ పద్ధతి రెండూ కలిసిన నిద్రలేమి మానసిక చికిత్సనే మొదటగా ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. మాత్రలు దాని తరువాతే.

మాత్రలు, మందు, కల్లు

అల్ప్రాజోలం, క్లోనజెపాం, జోల్పిడెమ్ వంటి మాత్రలు గాబా గ్రాహకాలను పట్టుకొని మెదడును అణచివేస్తాయి. కొద్ది రోజుల సంక్షోభంలో, ఇంట్లో ఎవరైనా చనిపోయిన వారంలో, వైద్యుడు రాస్తే వాడటంలో తప్పులేదు. వారాలు గడిచినకొద్దీ మెదడు వాటికి సర్దుకొని గాబాకు స్పందించడం తగ్గిస్తుంది, అప్పుడు మాత్ర ఉంటే మామూలు నిద్ర, లేకపోతే అసలు నిద్రే లేని స్థితి వస్తుంది. తెలంగాణ ప్రజలు ఈ పాఠాన్ని కల్తీ కల్లు ద్వారా నేర్చుకోవలసి వచ్చింది: అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడినవారు, 2015లో అధికారుల దాడుల వల్ల ఆ కల్లు దొరకనప్పుడు వణుకు, మూర్ఛ, పిచ్చిమాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. నెలల తరబడి ఇటువంటి మాత్ర వాడుతున్నవారు దానిని ఒక్కరోజులో మానకూడదు. వైద్యుని సాయంతో మోతాదును వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

జలుబు, దురద మాత్రలలో పాత తరంవి మెదడులోని హిస్టమిన్‌ను అడ్డుకోవడం వల్ల మత్తునిస్తాయి. వాటిని నిద్రకోసం రోజూ వాడితే కొద్ది రోజులకే గుణం తగ్గుతుంది, వృద్ధులలో మతిమరుపు, తూలిపడటం, మూత్రం బిగుసుకోవడం వంటివి వస్తాయి, ఎందుకంటే అవి అసిటైల్‌కోలిన్‌ను కూడా అడ్డుకొంటాయి. మద్యం కూడా గాబా దారిలోనే రాత్రి మొదటి సగంలో నిద్రపుచ్చుతుంది; కాలేయం దానిని అరిగించిన తరువాత మెదడు ఎదురుతిరిగి తెల్లవారుజామున మూడింటికి గుండెదడతో లేపుతుంది, కలలు వచ్చే రెమ్ నిద్రను తగ్గిస్తుంది, గురకను పెంచుతుంది.

రాత్రి షిఫ్టులవారికి

హైదరాబాదు మాదాపూరు, గచ్చిబౌలి ఆఫీసులలో అమెరికా వేళలకు పనిచేసేవారికి, ఉక్కు కర్మాగారాలలో, బొగ్గు గనులలో, ఆసుపత్రులలో మారుతూ ఉండే షిఫ్టులవారికి మీద చెప్పిన నియమాలను తలకిందులు చేసి వాడాలి. వారి కష్టం బద్ధకం వల్ల వచ్చినది కాదు. పని ముగించి ఉదయం ఏడింటికి పడుకొనేటప్పటికి అడెనోసిన్ నిండుగా ఉంటుంది గాని గడియారం మెలకువ వైపు లాగుతూ ఉంటుంది. అందుకే నిద్రపట్టినా నాలుగైదు గంటలకే తెగిపోతుంది.

షిఫ్టుకు ముందు సాయంత్రం గంటన్నర పడుకొంటే అప్పు కొంత తీరుతుంది. షిఫ్టు మొదటి సగంలో వీలైనంత వెలుతురులో ఉండాలి, కాఫీని ఒకేసారి తాగకుండా సగం కప్పుల చొప్పున మొదటి నాలుగు గంటలలోనే ముగించాలి. విరామం దొరికితే కాఫీ తాగిన వెంటనే ఇరవై నిమిషాలు కన్నుమూయడం మంచి చిట్కా. కెఫీన్ మెదడును చేరడానికి దాదాపు అంత సమయమే పడుతుంది, ఈలోపు కునుకు వల్ల కొంత అడెనోసిన్ తరుగుతుంది. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్య శరీర ఉష్ణోగ్రత అట్టడుగున ఉంటుంది, పొరపాట్లు ఎక్కువగా జరిగేది అప్పుడే. లెక్కలు సరిచూడటం, మందుల మోతాదులు కలపడం, క్రేను నడపడం వంటి పనులను ఆ వేళకు పెట్టుకోకుండా ముందే ముగించుకోవడం లేదా ఇద్దరు చూసుకోవడం మేలు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఉదయపు ఎండ కంటికి తగిలితే గడియారం మళ్లీ పగలువైపు తిరిగిపోతుంది. క్యాబులో కూర్చొని వెళ్లేవారు నల్లకళ్లద్దాలు పెట్టుకోవాలి. బండి నడిపేవారికి మాత్రం ఈ సలహా ఇవ్వను. వెలుతురు తగ్గితే వారికి నిద్ర ముంచుకొస్తుంది. మత్తుగా ఉన్నప్పుడు బండి తీయకుండా ఆఫీసులోనే అరగంట పడుకొని బయలుదేరడం ఉత్తమం. ఇంట్లో కిటికీలకు మందపాటి నల్లటి తెరలు, చెవులకు దూది, తలుపు మీద కాలింగ్ బెల్లు నొక్కవద్దన్న చీటీ, కూరగాయల బండి మైకు వినపడని వెనక గది, ఇవన్నీ ఏ మాత్రకన్నా ఎక్కువ పనిచేస్తాయి. ఇంటిల్లిపాదికీ ఒప్పందం ముఖ్యం: రాత్రి రెండింటికి ఎవరినీ లేపి గ్యాసు బుక్ చేశావా అని అడగం గదా, పగలు పదకొండింటి వేళ షిఫ్టు మనిషికి అర్ధరాత్రి అని అందరూ ఒప్పుకోవాలి.

సెలవురోజున పూర్తిగా పగటి మనిషిగా మారిపోతే వారం పొడవునా కష్టపడి జరిపిన గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. శాశ్వతంగా రాత్రి పనిచేసేవారు సెలవులలో రాత్రి మూడు, నాలుగింటికి పడుకొని మధ్యాహ్నం దగ్గర లేస్తే రెండు లోకాలకూ మధ్యేమార్గం దొరుకుతుంది. మారే షిఫ్టుల పట్టిక వేసే అధికారులకు ఒక మాట: మన గడియారం 24 గంటలకన్నా కొంచెం పొడవు కాబట్టి ఆలస్యం వైపు జరగడం దానికి సులువు, ఉదయం, ఆ తరువాత మధ్యాహ్నం, ఆ తరువాత రాత్రి అనే వరుసలో షిఫ్టులు తిప్పితే శరీరం సర్దుకొంటుంది, తిరగేసి తిప్పితే సతమతమవుతుంది.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు?

పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉన్నా, ఎనిమిది గంటలు పడుకొన్నా పగలు తూగుతున్నా ఈ వ్యాసంలోని చిట్కాలతో కాలయాపన చేయవద్దు. అది నిద్రలో శ్వాస ఆగే వ్యాధి కావచ్చు, రాత్రంతా పరీక్ష చేసి తేల్చాలి. సాయంత్రం కాళ్లలో చీమలు పాకినట్టు ఉండి కదిపితే గాని ఊరట లేకపోతే శరీరంలోని ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే మెదడులో డోపమిన్ తయారీకి ఇనుము కావాలి, మన స్త్రీలలో ఇనుము లోపం ఎంత ఎక్కువో తెలిసిందే. కలలు వచ్చే నిద్రలో మెదడు ఒంట్లోని కండరాలను కట్టిపడేస్తుంది. యాభై దాటినవారు ఆ కట్టు తప్పి కలలో కొట్టడం, తన్నడం, అరవడం మొదలుపెడితే నాడీవైద్యునికి చూపించాలి, కొందరిలో అది పార్కిన్సన్ వ్యాధికి ఏళ్ల ముందు కనిపించే గుర్తు. వెళ్లేటప్పుడు రెండు వారాల ఆ నోటుపుస్తకాన్ని, వాడుతున్న మాత్రల అట్టలన్నింటినీ వెంట తీసుకువెళ్లండి. వీలైతే పక్కన పడుకొనే మనిషిని కూడా తీసుకువెళ్లండి, మీ నిద్ర గురించి మీకు తెలియనివి ఆ మనిషికి తెలిసి ఉంటాయి.